ఉల్లిపాయలు ఎర్రబడేంతసేపు: పాఠకుల ప్రశ్నలు, కథారచయిత్రి జవాబులు

ప్రశ్న: కథలో పాత్ర ఏదైనా వండవలసి వస్తే, ముందుగా దానిని మీరే వండి చూస్తారని గతంలో ఒకసారి రాశారు. వంటల పుస్తకం చదివితే సరిపోదా?

జవాబు: సరిపోతుందనే నేనూ చాలాకాలం అనుకున్నాను. నా కథ ఒకదానిలో భార్యాభర్తలు వంటగదిలో గొడవపడతారు. ఆమె మూకుడులో ఉల్లిపాయలు వేసినప్పుడు మొదలైన మాట, అవి ముదురు గోధుమరంగుకు తిరిగేసరికి తెగిపోతుంది. నా లెక్కలో అది అయిదు నిమిషాల సంభాషణ. కథ అచ్చయ్యాక ఒక పెద్దావిడ ఉత్తరం రాశారు: "అమ్మా, గొడవ బాగుంది గానీ, నీ ఉల్లిపాయలు మాత్రం ఇంకా వేగలేదు." ఆ సాయంత్రం గడియారం ఎదురుగా పెట్టుకుని వేయించి చూశాను. సన్నని సెగ మీద, మాడకుండా, నేను రాసిన రంగుకు రావడానికి 45 నిమిషాలు పట్టింది.

ఉల్లిపాయలో అధికభాగం నీరే. ఆ తడి ఇగిరేదాకా ముక్కల వేడి 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఆగిపోతుంది. చక్కెరలూ అమైనో ఆమ్లాలూ కలిసి చురుకుగా రంగు తేలడానికి సుమారు 140 డిగ్రీలు కావాలి. ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కామీయ్ మయార్ 1912లో వివరించిన ఈ చర్య గురించి ఏ పుస్తకంలోనైనా చదువుకోవచ్చు. ఆ 45 నిమిషాలూ మనిషి ఏం చేస్తుందన్నది మాత్రం పుస్తకంలో దొరకదు. పొయ్యి విడిచి వెళ్లడానికి లేదు, అలాగని చేతినిండా పనీ ఉండదు. అటువంటి చోట గొడవ ఒక్క ఊపున సాగదు. మధ్యలో ఆగుతుంది, ఆమె గరిటె తిప్పడానికి అటు తిరుగుతుంది, అతడు ఏదో సర్దుతున్నట్టు నటిస్తాడు, ఇక అయిపోయిందనుకున్నాక పదేళ్లనాటి మాట ఒకటి బయటపడుతుంది. సంపుటిలో చేర్చేముందు ఆ కథను తిరగరాశాను. భర్త మాటలు సగానికి తగ్గిపోయాయి.

వాసన విషయంలోనూ పొరపాటు చేశాను. వండుతున్నవారి ముక్కు ఆ వాసనకు కొద్ది నిమిషాలలోనే అలవాటుపడి దాదాపు పట్టించుకోవడం మానేస్తుంది. తలుపు తెరుచుకుని బయటినుంచి వచ్చినవారికే అది గుప్పున తగులుతుంది. కాబట్టి వండే మనిషి వైపునుంచి కథ చెబుతూ, గంటసేపటి తరువాత కూడా ఘుమఘుమలను వర్ణిస్తే అది ఆమె అనుభవం కాదు, గుమ్మంలో నిలబడిన రచయిత అనుభవం. ఆమెకు ఎక్కువగా పనికివచ్చేది చెవి. తడి ఉన్నంతసేపూ మూకుడు చుయ్యిమంటూనే ఉంటుంది, తడి ఇగిరే కొద్దీ ఆ చప్పుడు సన్నబడుతుంది, అలవాటైన చెయ్యి అటు చూడకుండానే సెగ తగ్గిస్తుంది. సలసల, కుతకుత, చిటపట అని వేర్వేరు మాటలు మన భాషలో ఉండగా, అన్నింటికీ "ఉడుకుతోంది" అని రాసి ఊరుకునేవారి మీద నాకు కొంచెం కోపమే.

ప్రశ్న: మీ దినచర్య ఎలా ఉంటుంది? రాతకూ వంటకూ సమయం ఎలా కుదురుతుంది?

జవాబు: మిమ్మల్ని నిరాశపరిచేంత మామూలుగా ఉంటుంది. తెల్లవారుజామున మూడు గంటలసేపు రాస్తాను, ఆ తరువాత ఇంటిపనులు, మధ్యాహ్నం నిన్నటి పేజీలను దిద్దుకోవడం. కథ కోసం చేసే వంట సాయంత్రం మాత్రమే. ఒకసారి నవలలోని ఒక్క అధ్యాయం కోసం వారంరోజులపాటు రొట్టెపిండి పులియబెడుతూ కూర్చున్నాను. పిండి చక్కగా పొంగింది, నవల ఒక్క పేజీ కూడా కదలలేదు, పైగా ఎంతో పని చేస్తున్నానన్న తృప్తి ఒకటి. అప్పటినుంచి ఉదయం పూట వంటగదిలో కాఫీ తప్ప మరేదీ కలపను.

పొయ్యి పక్కన ఒక నోటుపుస్తకం, పెన్సిలు ఉంటాయి. తడిచేతులకు సిరా అలుక్కుపోతుంది కనుక పెన్ను వాడను. గడియారంలో సమయం, చేతులు చేసిన పని, విసుగుపుట్టినప్పుడు మనసు పోయిన చోటు, ఇవే అందులో రాసుకుంటాను. కథలోకి ఎక్కువగా వెళ్లేది ఆ చివరిదే.

ప్రశ్న: నేను చారిత్రక నవల రాస్తున్నాను. పాతకాలపు వంటను ఎలా పరిశీలించాలి?

జవాబు: వండడానికి ముందు, ఆ పదార్థం అప్పటికి ఆ చోటికి చేరిందా అని చూసుకోండి. మిరప, టమాటా, బంగాళాదుంప, మొక్కజొన్న అమెరికా ఖండాల పంటలు. 1492లో కొలంబస్ యాత్ర జరిగాకనే మిగిలిన ప్రపంచానికి చేరాయి. మీ కథ అంతకుముందుది, ఆ ఖండాల వెలుపలిది అయితే కారం కోసం మిరియాల వంటివాటినే ఆశ్రయించాలి. ఎత్తైన కొండల మీద జరిగే కథ అయితే మరొక మాట: 3000 మీటర్ల ఎత్తున నీరు సుమారు 90 డిగ్రీలకే మరుగుతుంది, గింజలు ఉడకడానికి చాలా ఎక్కువసేపు పడుతుంది.

ఆ తరువాత నిప్పు సంగతి. గీస్తే వెలిగే అగ్గిపుల్లలను జాన్ వాకర్ ఇంగ్లండులో అమ్మడం మొదలుపెట్టింది 1827లో. అంతకుముందు చెకుముకిరాయి కొట్టాలి, లేదా రాత్రి నిప్పుకణికలను బూడిదతో కప్పి పొద్దున్నదాకా కాపాడుకోవాలి. నివురుగప్పిన నిప్పు మనకు ఉపమానం గానీ, వారికి అది నిద్రపోయే ముందు చేసుకోవలసిన పని. తెల్లవారేసరికి అది ఆరిపోతే ఎవరో ఒకరు పొరుగింటికి వెళ్లి నిప్పు అడగాలి. ఆ పొరుగింటితో మాటలు లేకపోతే మీకు ఒక ప్రకరణం దొరికినట్టే.

ప్రశ్న: నాకు వంట బొత్తిగా రాదు. నా కథానాయకుడికీ రాదు. ఎలా రాయాలి?

జవాబు: వంట నేర్చుకోకముందే రాసేయండి. ఉప్పు వేశానా లేదా అన్న ఆ అనుమానం, మూత తీయగానే ఆవిరి తగిలి చెయ్యి వెనక్కు లాక్కోవడం, వచ్చేడాదికి మీకు గుర్తుండవు.

ప్రశ్న: ఇంత పరిశీలించాక అందులో ఎంత భాగాన్ని కథలో ఉంచుతారు?

జవాబు: ఆరు పేజీలు రాసుకుంటే రెండు వాక్యాలు మిగులుతాయి. వాక్యం తీసేసినా పాత్ర నిర్ణయంలో గానీ ఓపికలో గానీ మార్పు కనిపించకపోతే, అది ఎంత కష్టపడి సంపాదించినదైనా తీసేస్తాను. తిరగరాసిన ఆ ఉల్లిపాయల కథలో 45 నిమిషాల ప్రస్తావన ఎక్కడా లేదు; ఆమె రెండుసార్లు సెగ తగ్గించిందని మాత్రమే ఉంది. సంపుటి వెలువడ్డాక ఆ పెద్దావిడ మళ్లీ ఉత్తరం రాశారు. ఈసారి ఉల్లిపాయల ఊసే ఎత్తలేదు. ఆ రాత్రి అతడు భోజనానికి కూర్చున్నాడా లేదా అని అడిగారు.