1920–30లలో ప్రభుత్వ ఆతిథ్యంతో ఇటలీ, రష్యా చూసొచ్చిన రచయితల్ని తప్పుపట్టాలా?

టికెట్టు ఎవరు కొన్నారన్నదే లెక్కయితే ఠాగూర్‌ని కూడా కొట్టిపారేయాలి. 1926లో ఆయన ఇటలీలో ఫాసిస్టు నియంత ముస్సోలినీ ప్రభుత్వానికి అతిథి. అంతకుముందే శాంతినికేతన్‌కి పుస్తకాలు పంపి, టుచ్చి అనే పండితుణ్ణి తమ ఖర్చుతో పాఠాలు చెప్పడానికి పంపి రంగం సిద్ధం చేసుకున్నారు. ఠాగూర్‌కేమో ఇటాలియన్ రాదు. ఫార్మికీ అనే ప్రొఫెసరే దుబాసీ. మర్యాదకి అన్న మాటలు కూడా అక్కడి పేపర్లలో ఫాసిజానికి ఇచ్చిన సర్టిఫికెట్లలా అచ్చయ్యాయి.

ఇదెలా జరుగుతుందో నాకు కొంత తెలుసు. విలేకరిగా ఉన్నప్పుడు ఒక ప్రాజెక్టు నిర్వాసితుల కాలనీకి ప్రెస్ టూర్ వెళ్లాను. ఏసీ బస్సు, గెస్ట్‌హౌస్‌లో నాటుకోడి పులుసు. కాలనీలో టెంటు కింద కుర్చీల్లో కూర్చోబెట్టిన నలుగురూ వరసగా "బాగుందండీ" అన్నారు. వెనక వీధిలోకి అడుగేయబోతే పీఆర్వో భుజమ్మీద చెయ్యేసి, "లంచ్ చల్లారిపోద్ది సార్, పదండి" అన్నాడు. అబద్ధం రాయమని ఎవరూ అడగలేదు. ఆ అవసరమే రానివ్వరు.

అందుకే నేను చూసేది తిరిగొచ్చాక ఏం చేశారన్నది. ఠాగూర్ స్విట్జర్లాండ్ చేరాక ఫ్రెంచి రచయిత రొమైన్ రోలాండ్, ఆ తర్వాత దేశం వదిలి పారిపోయి వచ్చిన ఇటాలియన్లు అసలు సంగతి చెప్పారు. తన మిత్రుడు ఆండ్రూస్‌కి రాసిన ఉత్తరంలో ఆయన ఫాసిజాన్ని ఖండించారు, అది ఆగస్టులో ఇంగ్లండు పత్రిక మాంచెస్టర్ గార్డియన్‌లో అచ్చయింది. ఇటలీ పేపర్లు తిట్టిపోశాయి. (ముస్సోలినీని ఎదిరించిన ఎంపీ మత్తెయోత్తిని ఫాసిస్టులు చంపడం 1924లోనే లోకమంతా తెలిసిన వార్త కదా, వెళ్లేముందే ఆరా తియ్యొద్దూ అంటే, ఆ మాట నేనూ అంటాను.) 1930లో రష్యా వెళ్లినప్పుడు మాత్రం అక్కడి చదువుల్ని మనసారా మెచ్చుకుంటూనే, ప్రత్యర్థుల మీద ద్వేషం నూరిపోయడం తప్పని అక్కడి ప్రభుత్వ పత్రిక ఇజ్వెస్తియా ఇంటర్వ్యూలో మొహమ్మీదే చెప్పారు. ఆ ఇంటర్వ్యూ అక్కడ 1988 దాకా వెలుగు చూడలేదు.

నాటక రచయిత బెర్నార్డ్ షా సంగతి వేరు. 1931లో మాస్కోలో 75వ పుట్టినరోజు చేయించుకుని, స్టాలిన్‌ని కలిసి వచ్చాడు. సరే, పోనిద్దాం. కానీ 1933 మార్చిలో, అప్పట్లో సోవియట్ యూనియన్‌లో భాగమైన ఉక్రెయిన్‌లో జనం ఆకలితో చస్తుంటే, రష్యాలో కరువన్న వార్తలు అపవాదులంటూ అదే మాంచెస్టర్ గార్డియన్‌కి రాసిన ఉత్తరం మీద ఆయన సంతకం ఉంది. ఇది మాత్రం నేను క్షమించలేను. అదే నెలలో గారెత్ జోన్స్ అనే కుర్ర విలేకరి ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ వెళ్లే రైలెక్కి, ఊరు రాకముందే దిగిపోయి, సంచిలో తిండి మోసుకుంటూ పల్లె పల్లె నడిచాడు. రైతుల గుడిసెల్లోనే పడుకున్నాడు. బెర్లిన్ చేరగానే చూసిందంతా పత్రికలవాళ్లకి చెప్పేశాడు.