వాళ్ల లైబ్రరీ జాగ్రత్త, నాన్నా

ఒరేయ్ నాన్నా,

జీతం లేని సెలవు పెట్టి నీ మీడియా సెంటర్‌ని, అదే టీవీలో సినిమాలు, వీడియోలు చూపించే నీ సాఫ్ట్‌వేర్‌ని, విండోస్ నుంచి లినక్స్‌కీ, మ్యాక్‌కీ తీసుకెళ్తున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఆయనకి జీతం గురించి టెన్షన్. నాకు ముందు సంతోషమేసింది. తర్వాత నువ్వు పంపిన కోడ్ చదివాను, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

నువ్వు చేస్తున్నది మంచి పనే, అందులో అనుమానం లేదు. 2015లో విండోస్ 10 వచ్చినప్పుడు మైక్రోసాఫ్ట్ తన మీడియా సెంటర్‌ని తీసేసింది. దాన్నే నమ్ముకుని టీవీ రికార్డు చేసుకున్నవాళ్లకి దిక్కుతోచలేదు. అదే ఎక్స్‌బీఎంసీ అనే ఇంకో మీడియా సెంటర్‌ని చూడు. ఎక్స్‌బాక్స్ గేమ్ కన్సోల్ కోసం పుట్టింది. 2008 చివరికల్లా లినక్స్, మ్యాక్, విండోస్ మూడింటి మీదా నడిచింది. 2014లో కోడి అని పేరు మార్చుకుంది. ఆ పాత కన్సోల్ పోయినా సాఫ్ట్‌వేర్ బతికే ఉంది.

నీకు తెలిసినవి గబగబా చెప్పేస్తాను. ప్రోగ్రామ్‌కి ఆధారమైన పాత డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ విండోస్ మీదే నడుస్తుంది, అది వదిలేసి అన్నిటి మీదా నడిచే కొత్త డాట్‌నెట్‌కి రా. వీడియో ఆడించడానికి విండోస్‌కే పరిమితమైన డైరెక్ట్‌షో బదులు ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ఉన్న నీ సెట్టింగులు మామూలు ఫైల్లోకి. విండోస్‌కి మాత్రమే పనికొచ్చే డబ్ల్యూపీఎఫ్‌లో చేసిన స్క్రీన్లు మళ్లీ రాయాల్సిందే, తప్పదు. ఫైల్ పేర్లలో క్యాపిటల్, స్మాల్ తేడాని లినక్స్ పట్టించుకుంటుంది, చూసుకో.

ఇక నా నిద్ర చెడగొట్టిన సంగతి. డిస్క్‌లో ఏ వీడియోలున్నాయో వెతికే నీ స్కానింగ్ ఫంక్షన్ చివర, ఫోల్డర్‌లో కనిపించని ఫైళ్ల వివరాలన్నీ డేటాబేస్ నుంచి డిలీట్ చేసే లైన్ ఉంది. విండోస్‌లో అది ఇన్నాళ్లూ నిన్ను ఇబ్బంది పెట్టలేదు. డిస్క్ ఊడితే ఇ డ్రైవ్ అనేదే ఉండదు, నీ కోడ్‌కి ఎర్రర్ వస్తుంది, స్కాన్ అక్కడే ఆగిపోతుంది. లినక్స్‌లో అలా కాదురా. అక్కడ డిస్క్‌ని ఒక ఫోల్డర్‌కి తగిలిస్తారు, దాన్నే మౌంట్ అంటారు. డిస్క్ మౌంట్ కాకపోయినా చాలాసార్లు ఆ ఫోల్డర్ అక్కడే ఉంటుంది, ఖాళీగా. ఎర్రర్ రాదు. నీ సాఫ్ట్‌వేర్ లోపలికి తొంగి చూసి, సినిమాలన్నీ తీసేశారు కాబోలు అనుకుని లైబ్రరీ మొత్తం తుడిచేస్తుంది.

ఇది ఊహించి రాస్తున్నది కాదు. నేను పనిచేసిన ఒక కంపెనీలో ఇలాంటి సాఫ్ట్‌వేర్‌నే విండోస్ నుంచి లినక్స్ బాక్సుకి మార్చారు. ప్లేబ్యాక్ బాగుంది, రిమోట్ బాగుంది, డెమోలో అందరూ చప్పట్లు కొట్టారు. డిస్క్ లేకుండా బాక్స్ ఆన్ చేస్తే ఏమవుతుందో మాత్రం ఎవరూ చూడలేదు. టెస్టింగ్ మొత్తం ఆఫీసులో, యూపీఎస్ మీద జరిగింది. కస్టమర్ల ఇళ్లలో కరెంటు పోయింది, వచ్చింది. బాక్స్ ముందు లేచింది, యూఎస్‌బీ డిస్క్ తిరగడం మొదలయ్యేసరికి ఇంకొంచెం సమయం పట్టింది. ఆ మధ్యలోనే స్కాన్ నడిచిపోయింది.

ఫిర్యాదుల్లో ఒకటి నా టేబుల్ మీదికి వచ్చింది. రిటైరైన మాస్టారు ఒకాయన పాత వీడియో క్యాసెట్లన్నీ డిజిటల్ చేయించుకుని, ఒక్కో క్లిప్పుకీ అందులో ఎవరున్నారో కూర్చుని టైప్ చేశారట. పెళ్లికొడుకు మేనమామ ఎవరు, పీట మీద కూర్చున్న పిల్ల ఎవరి కూతురు, అన్నీ. వీడియోలు భద్రంగానే ఉన్నాయి, పేర్లే పోయాయి. "ఫైల్స్ సేఫ్ కదా, మళ్లీ స్కాన్ చేసుకోమనండి" అని మా మేనేజర్ అన్నాడు. ఆ పేర్లు చెప్పగలిగిన వాళ్లావిడ అప్పటికి లేరు. ఫోన్‌లో ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. "మళ్లీ రావామ్మా?" అని మాత్రం అడిగారు.

అందుకే చెప్తున్నా, ఆ లైన్ తీసెయ్. ఫైల్ కనబడకపోతే "దొరకలేదు" అని గుర్తు పెట్టి ఊరుకో. తుడవాలా వద్దా అన్నది ఇంట్లోవాళ్లు బటన్ నొక్కి చెప్పాలి. డిస్క్‌ని మొదటిసారి కలిపినప్పుడే అందులో చిన్న గుర్తు ఫైల్ ఒకటి పెట్టు. అది కనబడితేనే స్కాన్. అప్‌డేట్ చేసే ప్రతిసారీ ముందు డేటాబేస్‌కి కాపీ తీయి. తిడుతున్నానని అనుకోకు. ఎవరి ఇంటి నుంచో అలాంటి ఫోన్ నీకు రాకూడదని నా తాపత్రయం.

మ్యాక్‌లో ఇంకో గొడవ ఉంది, అదీ మన తెలుగు పేర్లతోనే. "కైకలూరు పెళ్లి" అన్న ఫైల్ తీసుకో. కంప్యూటర్లు అక్షరాలు దాచుకునే యూనికోడ్‌లో ఐత్వం ఒకే గుర్తుగానూ ఉండొచ్చు, ఎత్వం, దాని కింది గుర్తు అని రెండుగానూ ఉండొచ్చు. పాత మ్యాక్‌ల డిస్కుల్లో ఫైళ్లు దాచే పద్ధతి హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ దాన్ని రెండుగా విడదీసి రాసుకుంటుంది. కంటికి పేరు ఒకటే, నీ డేటాబేస్‌కి మాత్రం వేరే ఫైల్. పోల్చే ముందు రెండు పేర్లనీ ఒకే రూపంలోకి తెచ్చుకో. తెలుగు సబ్‌టైటిల్స్‌కి, అక్షరాల్ని సరిగ్గా కలిపి చూపించే హార్ఫ్‌బజ్ తప్పనిసరి. అది లేకపోతే వత్తులు విడిపోతాయి, "శ్రీ" చదవలేం.

ఆదివారం భోజనానికి రా. నా పాత మ్యాక్‌లో హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ డిస్కే ఉంది, టెస్టింగ్‌కి పట్టుకెళ్లు. ఈ నెలల్లో అద్దెకి ఇబ్బందైతే మీ నాన్నకి చెప్పడానికి మొహమాటపడతావు, నాకు తెలుసు. నాతో చెప్పు.

ఆశీస్సులతో,
అత్తయ్య