కరాటేలో ఆధ్యాత్మికం ఉందా అంటే, నెల్లూరు దోమల్ని అడగండి

కరాటే, కుంగ్ ఫూ లాంటివాటిలో నిజంగా ఆధ్యాత్మికం ఉంటుందా, లేక ఫీజుల కోసం చెప్పే కబుర్లా అని అడిగారు. నాకు తెలిసింది కరాటేలో షోటోకాన్ అనే పద్ధతి ఒక్కటే. అందులో మాత్రం ఉందండీ, బెల్టుల్లో వెతికితే దొరకదు అంతే.

మా క్లాసు పెన్నకి దగ్గర్లో, ఒక కల్యాణమండపం వెనక ఖాళీ జాగాలో జరిగేది. చివర్లో మొకుసో అని, అంటే కాసేపు ధ్యానం, మోకాళ్ల మీద కూర్చోబెట్టి కళ్లు మూయిస్తారు. ఒకరోజు సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. నెల్లూరు దోమల సంగతి నెల్లూరోళ్లకి చెప్పక్కర్లా. పక్కనోడు టపీమని ఒకటి కొట్టుకున్నాడు, వాడి వెనకోడు ఇంకోటి, కాసేపటికి అందరం కలిసి చప్పట్లు కొడతా ఉన్నట్టే ఉండాది. మాస్టారు మెల్లగా "కుట్టనీరా అబ్బయా, ఒంట్లో రక్తమంతా తాగెయ్యదులే" అన్నారు. రోడ్డు మీద పోయే బండి లైటు పడితే ఓరగా చూశా, ఆయన మోచేతి మీద వరసగా వాలుండాయి, మనిషి కదల్లా. ఈలోపు నా ముక్కు మీద ఒకటి. మంట, దురద, దాన్ని చంపెయ్యాలన్నంత కోపం, మూడూ ఒక్కసారే పైకొచ్చి, ఏం చెయ్యకుండా కూర్చుంటే వాటంతటవే దిగిపోయినయ్. తర్వాత స్పారింగులో, అంటే ఇద్దరం ఎదురెదురుగా తలపడే ప్రాక్టీసులో, దెబ్బ తగిలి ఒళ్లు మండినప్పుడల్లా నాకు ఆ దోమే గుర్తొచ్చేది. కరాటేలో మొదటి దెబ్బ మనది కాకూడదని షోటోకాన్ మూలపురుషుడు ఫునకోషి పెట్టిన నియమం పుస్తకంలో చదివితే నాకైతే ఎక్కలా, అక్కడెక్కింది.

ఇంక బోధిధర్ముడనే బౌద్ధ సన్యాసి కంచి నుంచి చైనా పోయి అందరికీ ఈ యుద్ధవిద్యలు నేర్పాడు, అన్నీ మనవే అని వాట్సాప్‌లో తిప్పేవాళ్లకో దండం. ఆ కథని చరిత్రకారులు ఒప్పుకోరు, పైగా కరాటే పుట్టింది ఇప్పుడు జపాన్‌లో ఉన్న ఒకినావా దీవిలో. ఫునకోషి 1922లో దాన్ని టోక్యోకి తీసుకెళ్లాడు. ఆయనకి పోటీలంటే గిట్టదు, 1957లో ఆయన పోయాడు, అదే సంవత్సరం ఆయన శిష్యుల సంఘమే ఛాంపియన్‌షిప్ పెట్టేసింది! టెక్కి అనే కటాలు, అంటే ఒక వరసలో చేసే కదలికలు, మూడు నేర్చుకోడానికే తనకి పదేళ్లు పట్టిందని రాసుకున్నాడు. ఇప్పుడేమో బ్లాక్ బెల్టు ఎన్ని నెలల్లో ఇస్తారని తల్లిదండ్రులే బేరాలాడతన్నారు, టెస్టు ఫీజు వేరే, సర్టిఫికెట్ ఫ్రేముకి వేరే.

మీ పిల్లోడిని ఎక్కడన్నా చేర్చాలనుకుంటే ముందు ఒక సాయంత్రం పోయి క్లాసు చివరిదాకా ఉండండి, పిల్లలు కళ్లు మూసుకున్నప్పుడు మాస్టారు కూడా మోకాళ్ల మీద కూర్చుంటన్నాడా, ఫోన్ చూసుకుంటన్నాడా చూడండి. ఫీజు సంగతి తర్వాత.