జీవశాస్త్రం ఒక్కటే చాలదు

లక్ష్మి గారూ, మీ అమ్మాయి తిమింగలాల గురించి అడిగితే గడగడా చెప్పేస్తుందనీ, నేషనల్ ఓషన్ సైన్సెస్ బౌల్ (అమెరికాలో హైస్కూల్ పిల్లలకు సముద్రశాస్త్రం మీద పెట్టే క్విజ్ పోటీ) ప్రాక్టీసులో మాత్రం బజర్ దగ్గర తేలిపోతోందనీ రాశారు. మా వాడూ మొదట్లో అంతే. వర్జీనియాలో దీని ప్రాంతీయ పోటీ అయిన బ్లూ క్రాబ్ బౌల్‌కి చేపల పేర్లు బట్టీపట్టి వెళ్లాడు, అడిగినవేమో అలలూ, ఉప్పదనమూ!

ముందు ఫిజిక్స్, కెమిస్ట్రీ పట్టుకోమనండి. ఉదాహరణకు, కాలిఫోర్నియా తీరం వెంట ఉత్తరం నుంచి దక్షిణానికి గాలి వీస్తే పైనీళ్లు ఎటు పోతాయి? గాలి వెంట కాదు, భూభ్రమణం వల్ల కుడివైపుకి, అంటే పడమటికి. ఆ ఖాళీలోకి అడుగు నుంచి చల్లటి నీరు, పోషకాలతో సహా పైకొస్తుంది. చేపలు అక్కడే ఎందుకు ఎక్కువో అప్పుడు దానంతటదే అర్థమవుతుంది. దీన్ని బొమ్మ గీసి మీకు వివరించమనండి. గీయలేకపోతే రానట్టే లెక్క.

బజర్ ప్రశ్నకు టీమ్‌తో మాట్లాడకూడదు, దానికి సరైన జవాబు చెబితే వచ్చే బోనస్ ప్రశ్నకి మాట్లాడుకోవచ్చు. అందుకే టీమ్‌లో ఆడే నలుగురూ తలో సబ్జెక్టు పంచుకుంటే టెన్షన్ సగం తగ్గుతుంది. ఇంట్లో మీరు ప్రశ్న చదవండి, తను స్పూన్‌తో బల్ల మీద కొట్టాలి. మా డైనింగ్ టేబుల్ మీద ఆ సొట్టలు ఇంకా ఉన్నాయి.