మొదటి లైన్‌ని చివర్లో రాయండి

ప్రశ్న: నేను డిగ్రీ సెకండ్ ఇయర్. వ్యాసరచన పోటీలకి రాస్తుంటాను. ప్రతిసారీ "విషయం బాగుంది, ఎత్తుగడే చప్పగా ఉంది" అంటున్నారు. ఈసారి టాపిక్ 'సైన్స్ ప్రయోగాల్లో జంతువుల్ని వాడటం సబబేనా'. నా మొదటి వాక్యం: "మానవుడు అనాదిగా విజ్ఞానం కోసం అన్వేషిస్తూనే ఉన్నాడు." మార్చుదామని గంటసేపు కూర్చున్నా ఏమీ తట్టట్లేదు. కొటేషన్‌తో మొదలుపెట్టనా? వ్యాసం జత చేస్తున్నాను.

జవాబు: వ్యాసం మొత్తం చదివానండీ. ఆ మొదటి వాక్యంలో తప్పేం లేదు, కానీ అది టెలిఫోన్ మీద రాసినా పెట్టేయొచ్చు, టీకాల మీద రాసినా పెట్టేయొచ్చు, అణుబాంబు మీద రాసినా పెట్టేయొచ్చు, అదే దాని జబ్బు. ఎత్తుగడ చదవగానే ఇది ఈ వ్యాసానిదే, ఇంకెక్కడా ఇమడదు అనిపించాలి.

మీ మూడో పేరా ఒకసారి తీసి చూడండి. 1957 నవంబర్ 3న సోవియట్ యూనియన్ స్పుత్నిక్-2 ఉపగ్రహంలో లైకాని పంపడం, అది మాస్కో వీధుల్లో తిరిగిన కుక్క కావడం, దాన్ని వెనక్కి తెచ్చే ఏర్పాటే లేకపోవడం, కొన్ని గంటల్లోనే వేడికి చనిపోయిందన్న సంగతి 2002 దాకా బయటికి రాకపోవడం, ఇవన్నీ మీరే రాశారు కదా! నేను చదువుతూ అక్కడ ఆగిపోయాను. అలాంటిదాన్ని "ఉదాహరణకు" అంటూ పేరా మధ్యలో దాచేస్తే ఎలా? పైకి తెచ్చి చూడండి:

"1957 నవంబర్ 3న లైకా అనే వీధికుక్కని రాకెట్‌లో పెట్టి అంతరిక్షంలోకి పంపారు. దాన్ని వెనక్కి తీసుకురావడానికి ఏ ఏర్పాటూ చెయ్యలేదు."

'పాపం', 'దారుణం', 'గుండె తరుక్కుపోతుంది' లాంటివి ఒక్కటి కూడా చేర్చొద్దు, ఆ పని రెండో వాక్యం చేసేసింది. అయితే చాలామంది సరిగ్గా ఈ తర్వాతే జారిపోతారు, కుక్క సంగతి చెప్పేసి మళ్ళీ "మానవుడు అనాదిగా" దగ్గరికి వెళ్ళిపోతారు, దాంతో కుక్క వేరు వ్యాసం వేరు అయిపోతాయి. మూడో వాక్యంలో మీ వాదన తగలాలి. ప్రయోగాలు అవసరమే గానీ ఆ ప్రాణం పోవాల్సిందేనా అనేదానికి ముందే ఎవరో ఒకరు జవాబు చెప్పాలి, మీరనేది ఇదే కదా, అదే అక్కడ సూటిగా రాసేయండి. లైకాని సిద్ధం చేసినవాళ్ళలో ఒకరైన ఒలెగ్ గజెంకో, ఆ కుక్క చావుకి తగినంత మేము నేర్చుకోలేదు అని 1998లో బాధపడిన విషయం కూడా మీ దగ్గరుంది, దాన్ని మాత్రం పైకి లాగొద్దు. అది మీ వాదనకి సాక్ష్యం, చివరి పేరాల్లోనే దానికి బలం.

ఇక ఆ గంటసేపు కూర్చోవడం మానేయండి. రోమన్ వక్త సిసిరో క్రీ.పూ. 55లో ప్రసంగకళ మీద రాసిన గ్రంథంలో ఆంటోనియస్ అనే మరో వక్త చేత ఈ మాటే చెప్పించాడు: మొదట చెప్పాల్సినదాన్ని నేను చివర్లో ఆలోచిస్తాను, ముందే వెతికితే పేలవమైనవీ అందరూ వాడేసినవీ తప్ప ఏమీ తట్టవు అని. మీకు జరుగుతున్నదీ అదే, లోపల ఏముందో ఇంకా రాయకముందే గుమ్మం దగ్గర నిలబడిపోతున్నారు.

కొటేషన్ అంటారా, ఆ మాటతో మీరు పోట్లాడదలుచుకుంటే పెట్టండి. అలంకారానికైతే వద్దు.

ప్రశ్న: ప్రశ్నతో మొదలుపెడితే బాగుంటుందని మా సార్ అంటారు, నిజమేనా?

జవాబు: ప్రశ్నని బట్టి. "మనకు పర్యావరణం అవసరం లేదా?" అంటే ఎవరు లేదంటారు చెప్పండి. చదివేవాళ్ళు వెంటనే అవుననో కాదనో అనేసేదైతే కొట్టేయండి, కాసేపు తేల్చుకోలేక ఇబ్బంది పడేదైతే ఉంచండి.

ప్రశ్న: పరీక్షలో చివర్లో రాయడం కుదరదు కదా?

జవాబు: కుదురుతుంది. పేజీ పైన ఐదారు లైన్లు ఖాళీ వదిలి అసలు విషయంతో మొదలుపెట్టండి, ఆఖరి ఐదు నిమిషాలు ఆ ఖాళీకి ఉంచుకోండి. ఖాళీ వదలడానికి భయమైతే రఫ్ పేజీలో పాయింట్లు రాసుకుని, అందులో పేరో తేదీయో వస్తువో ఉన్న పాయింట్ చుట్టూ గీత గీసి దానితోనే మొదలుపెట్టేయండి.