ఎమ్మారైలో డిస్కు ఉబ్బిందని వస్తే మంచం పట్టాల్సిందేనా?

పరకాల దగ్గర మిరప, పత్తి కూలికి వెళ్లే మీ అమ్మగారికి 46 ఏళ్ల వయసులో నాలుగు నెలలుగా నడుము నొప్పి తగ్గడం లేదని, ఎమ్మారైలో ఎల్4–ఎల్5 దగ్గర, అంటే నడుములోని నాలుగో, అయిదో వెన్నుపూసల నడుమ, డిస్కు (పూసల మధ్య ఉండే మెత్త) ఉబ్బినట్టు వచ్చిందని, ఒకరు ఆపరేషన్ అంటుంటే మరొకరు మంచం దిగవద్దంటున్నారని రాశారు. నేను వైద్యుణ్ని కాను, వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో గుమస్తాను. చిన్న డెస్కు మీదికి వంగి గంటల తరబడి లెక్కలు రాసే పనిలో నాకూ అదే చోట డిస్కు ఉబ్బి, కుడి పిరుదు నుంచి పిక్క దాకా గుంజేది. ఆ బాధ పడుతూ తెలుసుకున్నవే మీకు చెబుతున్నాను.

ముందు ఆ రిపోర్టును చూసి భయపడడం మానాలి. నడుము భాగంలోని అయిదు వెన్నుపూసల్లో, వంగినప్పుడు ఎక్కువ బరువు పడేది అడుగున ఉన్నవాటి మీదే కాబట్టి డిస్కు అరగడం, ఉబ్బడం కూడా అక్కడే ఎక్కువ. అయితే ఏ నొప్పీ లేనివాళ్లను స్కాన్ చేసినా ఇవే కనిపిస్తాయి; 2015లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం నొప్పి లేనివారిలోనే 20 ఏళ్ల వయసులో 37 శాతం మందికి, 80 ఏళ్ల వయసులో 96 శాతం మందికి డిస్కు అరుగుదల ఉంది. నడుము నొప్పుల్లో దాదాపు 90 శాతానికి ఫలానా ఎముక, ఫలానా నరం కారణమని వేలు పెట్టి చూపించలేరు. అందువల్ల కాగితం మీది మాట కన్నా అమ్మగారు చెప్పేదే ముఖ్యం: నొప్పి నడుములోనే ఆగుతోందా, మోకాలు దాటి పాదం వైపు దిగుతోందా, కాలిలో తిమ్మిరి గాని బలహీనత గాని ఉందా?

మంచం దిగవద్దన్న సలహాను మాత్రం పక్కన పెట్టండి. నొప్పి మరీ తీవ్రంగా ఉన్నప్పుడు ఒకటి రెండు రోజులు పడుకోవచ్చు, కానీ అంతకు మించి పడుకుంటే నడుము కండరాలు బలం కోల్పోయి నొప్పి ముదురుతుంది. మన ఊళ్లలో నడుము పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టినవారితో తన్నించేవారు. అది పనిచేసినట్టు కనిపించడానికి కారణం, కొత్తగా పట్టేసిన నడుము చాలామందిలో కొద్ది రోజుల్లో దానంతటదే వదలడం. మీ అమ్మగారిది మూడు నెలలు దాటింది కాబట్టి దీర్ఘకాలిక నొప్పి కిందికి వస్తుంది. అటువంటి నొప్పికి నడుము బెల్టు, బరువులు కట్టి లాగే ట్రాక్షన్ మామూలుగా వాడవద్దని, వ్యాయామం చేయించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకాల్లో చెప్పింది. కాపడం పెడితే హాయిగా ఉంటుంది, పెట్టుకోనివ్వండి. ఆర్ఎంపీ దగ్గర ఏ మందో తెలియకుండా సూదులు వేయించడం, నెలల తరబడి నొప్పి మాత్రలు మింగించడం మాత్రం వద్దు. ఆ మాత్రలు కడుపులో పుండ్లకు, కిడ్నీల దెబ్బకు దారితీయవచ్చు, స్టెరాయిడ్ తరచుగా పడితే ఎముకలు గుల్లబారతాయి.

నాకు నిజంగా మేలు చేసింది ఫిజియోథెరపీ. మొదటి రోజు ఫిజియోథెరపిస్టు నాతో ఏ వ్యాయామమూ చేయించకుండా, పడుకున్నచోటి నుంచి ఎలా లేస్తానో చూపించమంది. నేను ఉన్నపళంగా నడుము ఎత్తి లేవబోతే ఆపి, మోకాళ్లు ముడిచి, ఒక పక్కకు ఒత్తిగిలి, కాళ్లు కిందికి దించుతూ చేతులతో నొక్కి లేవడం నేర్పింది. తర్వాత వెల్లకిలా పడుకుని మోకాళ్లు ముడిచి పిరుదులు పైకెత్తి ఆపడం, బోర్లా పడుకుని మోచేతుల మీద ఛాతీ లేపడం వంటివి చేయించింది. ఏ వ్యాయామంతోనైనా నొప్పి కాలిలోంచి నడుము వైపు ఎక్కి వస్తే అది మంచి గుర్తేనని, పాదం వైపు దిగితే వెంటనే ఆపాలని చెప్పింది. అమ్మగారికి ఏవి తగినవో ఫిజియో చూసి నిర్ణయించాలి.

కూలి మానేయమనడం తేలిక, ఇల్లు గడవాలి కదా. పత్తి ఏరేటప్పుడు నడుముకు కట్టుకునే ఒడి నిండేకొద్దీ ఆ బరువు మనిషిని ముందుకు లాగుతుంది. సగం నిండగానే గుట్టలో పోసి రమ్మనండి. సాలు చివర ఒకసారి నిటారుగా నిలబడి, చేతులు నడుముపై ఆనించి కొద్దిగా వెనక్కి వంగమనండి. నిండిన మిరప బస్తాను ఒక్కతే ఎత్తవద్దు. నొప్పి తగ్గాక నడక వదలకూడదు: నడుము నొప్పి నుంచి కోలుకున్న 701 మందిపై ఆస్ట్రేలియాలో చేసి 2024లో ప్రచురించిన అధ్యయనంలో, క్రమంగా నడక పెంచుకున్నవారికి మళ్లీ నొప్పి రావడానికి మధ్యస్థంగా 208 రోజులు పట్టగా, మిగతావారికి 112 రోజులే పట్టింది. నేను భద్రకాళి చెరువు కట్ట మీద నడుస్తాను. మీకు ఊరి చెరువు కట్ట చాలు.

మూత్రం ఆగిపోయినా, మూత్రంపై గాని మలంపై గాని అదుపు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా, పాదం లేవకపోయినా ఆ రోజే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే వెన్నెముక క్షయ వంటివాటికి పరీక్షలు చేయించాలి.

ఇక ఆపరేషన్ విషయానికొస్తే, అది నరం నలిగి కాలిలోకి దిగే నొప్పిని తగ్గించినంతగా ఒట్టి నడుము నొప్పిని తగ్గించదు. పైగా జారిన డిస్కు ముక్క చాలామందిలో నెలల్లో తానే కుంచించుకుపోతుంది. ఆపరేషన్ చెప్పిన డాక్టరును ఏ నరం నలిగింది, అది అమ్మ కాలి నొప్పితో సరిపోతోందా, ఇంకొన్ని వారాలు ఫిజియోథెరపీతో ఆగితే ప్రమాదమేమిటి అని నిదానంగా అడగండి. జవాబు ఎమ్మారై కాగితం దగ్గరే ఆగిపోతే, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఎముకల విభాగంలో మరో అభిప్రాయం తీసుకున్నాకే సంతకం పెట్టండి.