సూపర్ కంప్యూటర్ మీద యుద్ధశిక్షణ ఎలా నడుస్తుంది?

ప్రశ్న: సూపర్ కంప్యూటర్‌కు పని అప్పగించి, వంతు వచ్చేదాకా గంటల తరబడి ఎదురుచూడాలని మా కళాశాలలో చెప్పారు. సైనికాధికారులు అటువంటి యంత్రంతో అప్పటికప్పుడు ఆజ్ఞలిస్తూ యుద్ధశిక్షణ పొందుతారని ఈమధ్య చదివాను. ఇదెలా కుదురుతుంది? అందుకు అంత వేగం అవసరమా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: మీ కళాశాలలో చెప్పినది నిజమే. వాతావరణ గణన వంటి పనులు వరుసలో ఉండి, యంత్రం ఖాళీ అయినప్పుడు, అది అర్ధరాత్రి అయినా సరే, మొదలవుతాయి. శిక్షణకు ఈ పద్ధతి పనికిరాదు. అధికారులు ఉదయం 9 గంటలకు తెరల ముందు కూర్చుంటే ఆ వేళకు ప్రాసెసర్లు సిద్ధంగా ఉండాలి. అందుకే అమెరికా జాయింట్ ఫోర్సెస్ కమాండ్ 'అర్బన్ రిజాల్వ్' పేరుతో నగరయుద్ధ ప్రయోగాలు చేపట్టినప్పుడు, హవాయిలోని మావీలోనూ, ఒహాయోలోని రైట్-ప్యాటర్సన్ వైమానిక స్థావరంలోనూ ఉన్న రెండు లినక్స్ క్లస్టర్లను (అనేక కంప్యూటర్లను కలిపి ఒకే సూపర్ కంప్యూటర్‌లా పనిచేయించే అమరికలను) ఆ పనికే కేటాయించారు.

ఇక వేగం సంగతి. శిక్షణలోని కాలం గోడ గడియారంతో సమానంగా నడవాలి. వంతెన దాటడానికి ట్యాంకుకు 2 నిమిషాలు పడితే తెర మీదా అంతే పట్టాలి; లెక్క ముందే తేలినా ప్రాసెసర్ ఆగి ఉండవలసిందే. కాబట్టి అదనపు శక్తినంతా తెర మీది కల్పిత వాహనాల సంఖ్య పెంచడానికే వాడుకుంటారు. 1998 మార్చిలో 'ఎస్ఎఫ్ ఎక్స్‌ప్రెస్' అనే పథకం కింద 13 సూపర్ కంప్యూటర్లను కలిపి 1,00,298 వాహనాలను ఒకేసారి నడిపారు.

అసలు చిక్కు లెక్కల్లో కంటే మాటల్లోనే ఉంది. లక్ష వాహనాల్లో ప్రతి ఒక్కటీ తన స్థానాన్ని మిగిలినవాటన్నింటికీ చెప్పబూనితే, ఒక్క విడతకే సుమారు 1,000 కోట్ల సందేశాలవుతాయి. ఏ నెట్‌వర్కూ దాన్ని మోయలేదు. అందువల్ల కొన్ని ప్రాసెసర్లను తపాలా కార్యాలయాల మాదిరిగా కేవలం సందేశాల పంపకానికే ఉంచి, కొండ అవతలి ట్యాంకు కబురు ఇవతల దాన్ని చూడలేని ట్యాంకుకు చేరకుండా వడపోస్తారు. ఇంకొక ఉపాయం ఇంతకంటే ముచ్చటైనది. ట్యాంకు ఉత్తరానికి 40 కిలోమీటర్ల వేగంతో వెళుతున్నదని ఒకసారి తెలిస్తే, తరువాతి స్థానాన్ని మిగిలిన యంత్రాలు తామే ఊహించుకుంటాయి. ఆ ఊహ తప్పేంతగా అది మలుపు తిరిగినప్పుడే కొత్త కబురు వస్తుంది. ఇలాంటి శిక్షణ యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి ఏర్పరచిన డిస్ (డిఐఎస్) అనే ప్రమాణం ప్రకారం, మార్పేమీ లేకపోయినా మామూలుగా 5 సెకన్లకొకసారి 'ఉన్నాను' అని చెప్పాలి. 12 సెకన్లు మౌనం వహిస్తే ఆ వాహనాన్ని లేనట్టే లెక్కగడతారు.

దూరం మాత్రం ఏ ఉపాయానికీ లొంగదు. అర్బన్ రిజాల్వ్‌లో కొందరు అధికారులు వర్జీనియాలోని సఫోక్‌లో కూర్చునేవారు. ఫైబర్ తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లే ప్రయాణిస్తుంది గనుక, మావీకి వెళ్ళి రావడానికి ఎంత తక్కువ లెక్కించినా 75 మిల్లీసెకన్లు పడుతుంది. పటం మీద దళాలను కదిలించే అధికారికి ఈ జాప్యం తెలియనే తెలియదు. అదే కాక్‌పిట్ నమూనాలో కూర్చున్న పైలట్‌కైతే, కడ్డీ తిప్పిన తరువాత విమానం ఆలోచించి వంగినట్టుంటుంది. అందుకని అతని విమానాన్ని నడిపే లెక్కలను పక్కనున్న చిన్న యంత్రానికే వదిలేసి, సూపర్ కంప్యూటర్‌కు చుట్టూ ఉన్న నగరాన్నీ, జనాన్నీ, శత్రుదళాలనూ అప్పగించడం మేలు.